చూపు, వినికిడి రెండూ తక్కువైన పాపను ఏ బడిలో వేయాలి?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. మా పాపకు మూడున్నరేళ్లు. కడుపులో ఉన్నప్పుడు మూడో నెలలో నాకు జ్వరం, ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు వచ్చాయి. రెండు మూడు రోజుల్లో తగ్గిపోయాయి కదా అని ఎవరికీ చూపించుకోలేదు. పాప పుట్టాక రెండు కళ్లలోనూ శుక్లాలు ఉన్నాయన్నారు. ఐదో నెలలో ఆపరేషన్ చేయించాం. గుండెలో కూడా చిన్న సమస్య ఉంటే సరిచేశారు. అద్దాలు ఇచ్చారు గానీ పెట్టిన నిమిషంలో లాగి పారేస్తుంది. ఏడాదిన్నరప్పుడు పరీక్ష చేసి రెండు చెవులూ బాగా తక్కువ వినపడతాయన్నారు. వినికిడి మిషన్లు ఇస్తే అవీ అంతే, ఉంచుకోదు.

అంధుల బడికి తీసుకెళ్తే వినపడని పిల్లకు మేం చెప్పలేమన్నారు. బధిరుల బడికి వెళ్తే చూపు లేకపోతే సైగలు ఎలా నేర్పుతాం అన్నారు. సదరం సర్టిఫికెట్‌లో చూపు లోపం 75 శాతం అని మాత్రమే ఉంది. దాని మీదే పింఛన్ వస్తోంది. నేను తప్ప ఎవరు ఎత్తుకున్నా ఏడుస్తుంది, కొరుకుతుంది. కళ్లలో వేళ్లు పెట్టి నొక్కుకుంటుంది. లైటు కేసి చూస్తూ చేతులు ఊపుతూ కూర్చుంటుంది. మాది మేనరికం, అందుకే ఇలా పుట్టిందని ఊళ్లో అంటున్నారు. ఎక్కడైనా హాస్టల్ ఉంటే పంపిద్దామని మా ఆయన అంటున్నారు. ఎనిమిదేళ్ల బాబు కూడా ఉన్నాడు. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. పాపను ఏ బడిలో వేయాలి? అసలు నా బిడ్డ ఏమైనా నేర్చుకుంటుందా?

(పేరు వేయవద్దన్న ఒక తల్లి)

సమాధానం: అమ్మా, చివర అడిగినదానికి ముందు జవాబు చెబుతాను. మీ పాప నేర్చుకుంటుంది. ఇప్పటికే నేర్చుకుంది కూడా. మిమ్మల్ని తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వదని బాధపడుతూ రాశారు. ఆ మాటలో నాకు వేరే సంగతి కనిపించింది. సరిగా కనపడదు, వినపడదు. అయినా ఇది మా అమ్మ చేయి, ఇది కాదు అని మూడున్నరేళ్ల పిల్ల తేల్చుకుంటోంది. మీ ఒంటి వాసన, ఎత్తుకునే తీరు, మీ చేతి గాజులు అన్నీ కలిపి గుర్తుపెట్టుకుంది. అంత పని చేయగల బుర్ర ఇంకా చాలా పనులు చేయగలదు.

రెండు బళ్లవాళ్లూ మిమ్మల్ని తిప్పి పంపడం అన్యాయమే. కానీ వాళ్లలో ఎవరో ఒకరు చేర్చుకున్నా మీ ఇబ్బంది తీరేది కాదు. చూపు లేని పిల్లలకు చెప్పే పాఠమంతా చెవి మీద నడుస్తుంది. వినికిడి లేని పిల్లలకు చెప్పేది కంటి మీద నడుస్తుంది. ఒక లోటును రెండో ఇంద్రియం పూడుస్తుందన్న నమ్మకం మీదే ఆ బళ్లు కట్టారు. మీ పాపకు ఆ రెండోదీ తక్కువే. అందుకే దీన్ని విడిగా ఒక వైకల్యంగా చూడాలి. డాక్టర్లు, స్పెషల్ టీచర్లు డెఫ్‌బ్లైండ్‌నెస్ అంటారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో బహుళ వైకల్యాల కింద ఇది పేరుతో సహా ఉంది. ఈ స్థితిలో ఉన్నవాళ్లు ఎక్కడో ఒకరిద్దరు కాదు. ప్రపంచ డెఫ్‌బ్లైండ్ సమాఖ్య 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం జనాభాలో 0.2 శాతం మందికి ఇది తీవ్రంగా ఉంటుంది. వెయ్యి మందికి ఇద్దరు. మీ మండలంలోనే ఇంకొందరు ఉండి ఉంటారు, కాకపోతే ఒకరు గుడ్డి అనీ, ఒకరు చెవుడనీ, ఒకరు మతి లేదనీ చెప్పి ఇంట్లోనే ఉంచేసి ఉంటారు.

అందుకని, ఏ బడి అన్న ప్రశ్నను కొన్నాళ్లు పక్కన పెట్టండి. ముందు పాపకూ ఇంట్లోవాళ్లకూ మధ్య మాటలు మొదలవ్వాలి. నోటితో కాదు, చేతితో. అది లేకుండా ఎంత మంచి బడిలో వేసినా పాప అక్కడ ఒక మూల కూర్చుంటుంది, అంతే. అది ఉంటే, మామూలు బడిలో కూడా ఒక తోడు మనిషితో నెగ్గుకురాగలదు.

ముందు కొరకడం సంగతి చూద్దాం. మీరు కళ్లు మూసుకుని, చెవుల్లో దూది కుక్కుకుని కూర్చున్నారనుకోండి. ఎవరో చంకల కింద చేతులు వేసి అమాంతం పైకి ఎత్తారు. కాసేపటికి నెత్తి మీద నీళ్లు పడ్డాయి. తర్వాత నోట్లో ఏదో పెట్టారు. ఎవరు, ఎందుకు, ఎంతసేపు, ఏమీ తెలియదు. మీరైనా కొరుకుతారు. పాపకు రోజంతా ఇలాగే గడుస్తోంది. మొండితనం కాదు, భయం. ముందుగా చెప్పి చేస్తే అది తగ్గుతుంది.

చెప్పడం ఎలాగంటే, పాపను తాకేముందు భుజం మీద అరచేయి మెల్లగా ఆనించి ఒక్క క్షణం ఆగండి. తర్వాత మీరెవరో చెప్పాలి. పాప చేతిని మీ గాజుల దగ్గరికి రానివ్వండి. మీ గుర్తు గాజులు. మీ వారి గుర్తు వాచీ. మీ అత్తగారిది మెడలో దండ. బాబుది పాప మోచేతి మీద రెండుసార్లు తట్టడం. ఎవరి గుర్తు వాళ్లదే, ప్రతిసారీ అదే. మీ వారు వాచీ విప్పి పక్కన పెట్టి వస్తే పాప లెక్కలో ఆయన రాలేదన్నట్టే. వచ్చేటప్పుడే కాదు, వెళ్లేటప్పుడూ చెప్పి వెళ్లాలి. పక్కనుంచి మనిషి చెప్పకుండా లేచిపోతే, కనపడని వినపడని పిల్లకు ఆ మనిషి మాయమైపోయినట్టే ఉంటుంది.

రెండోది వస్తువులతో మాట్లాడటం. స్నానానికి తీసుకెళ్లే ముందు పాప చేతికి తువ్వాలు ఇవ్వండి, అది పట్టుకునే స్నానాల గదికి రానివ్వండి. అన్నానికి ముందు చెంచా. బయటికి వెళ్లేటప్పుడు చెప్పు. పడుకునే ముందు రోజూ వాడే దిండు గలేబు. మొదట రెండే చాలు, స్నానం, అన్నం. నాలుగైదు వారాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత ఒక రోజు చెంచా చేతికి ఇవ్వగానే నోరు తెరుస్తుంది, లేదా పీట వైపు జరుగుతుంది. ఇంకో రోజు తానే చెంచా తెచ్చి మీ చేతిలో పెడుతుంది. అన్నం పెట్టమని అడగడం అది. ఆ రోజు వంట కాకపోయినా సరే, ఒక అరటిపండు ముక్కైనా పెట్టండి. అడిగితే దొరుకుతుందని తెలియాలి.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటి ఉంది. ఆటో ఎక్కే ముందు చేతికి ఆటో బొమ్మ ఇస్తారు. కంటితో చూసేవాళ్లకు ఆ బొమ్మ ఆటోలా ఉంటుంది, వేళ్లతో తడిమే పాపకు అది ప్లాస్టిక్ ముక్క. ఆటోలో పాప చేతికి తగిలేది రెగ్జిన్ సీటు. ఒక చిన్న రెగ్జిన్ ముక్క ఇవ్వండి, అది ఆటో అవుతుంది. ఏ పనికి ఏ వస్తువు అని ఎంచుకునేటప్పుడు, ఆ పనిలో పాప చేతికి నిజంగా ఏం తగులుతుందో చూసుకోండి.

ఈ వస్తువులు అలవాటయ్యాక మూడు అట్టపెట్టెలను గోడ పక్కన వరుసగా అతికించండి. ఎడమ పెట్టెలో ఇప్పుడు చేయబోయే పని వస్తువు, తర్వాతి పెట్టెల్లో ఆ తర్వాతివి. పని అయిపోగానే పాప చేతితోనే ఆ వస్తువును పక్కనున్న బుట్టలో వేయించండి. అయిపోయింది, తర్వాత ఇది అన్న సంగతి పాపకు మొదటిసారి ఇక్కడ తెలుస్తుంది. మనకు గోడ గడియారం, కిటికీలోంచి ఎండ, వీధిలో పాలవాడి కేక పొద్దు చెబుతాయి. ఆ పిల్లకు ఈ పెట్టెలే చెప్పాలి. నెదర్లాండ్స్‌లో యాన్ వాన్ డైక్ అనే ఆయన, తల్లికి గర్భంతో ఉన్నప్పుడు రుబెల్లా అనే దద్దుర్ల జ్వరం సోకడం వల్ల ఇలా పుట్టిన పిల్లలతోనే ఏళ్ల తరబడి పనిచేసి ఈ తరహా పద్ధతులకు రూపం ఇచ్చారు. మన దేశంలో డెఫ్‌బ్లైండ్ పిల్లలకు చెప్పే టీచర్లు ఇప్పుడు శిక్షణలో నేర్చుకునేదీ ఇదే.

మూడోది చేతుల సంగతి. పని నేర్పాలనే తొందరలో మనం పిల్ల చేతిని గట్టిగా పట్టుకుని చేయిస్తాం. పాపకు చేతులే కళ్లు. వాటిని బిగించి పట్టుకుంటే కళ్లకు గంతలు కట్టినట్టే. అందుకే మీ చేయి కింద ఉండాలి, పాప చేయి దాని మీద ఉండాలి. మీరు పప్పన్నం కలుపుతుంటే మీ చేతి మీద తన చేయి పెట్టుకుని ఆ కదలిక తెలుసుకుంటుంది. ఇష్టం లేకపోతే తీసేసుకుంటుంది, ఆ స్వేచ్ఛ ఉండాలి. చపాతీ పిండి, వేరుశనక్కాయలు ఒలవడం, పూలు విడదీయడం, బట్టలు మడతపెట్టడం, ఇంటి పనంతా మీకు పాఠమే. విడిగా కూర్చుని నేర్పడానికి టైమ్ ఎక్కడిదని దిగులు పడకండి.

ఇంకొకటి ఆగడం. పాపను ఒళ్లో పెట్టుకుని ఊపండి. బాగా ఆనందిస్తున్నప్పుడు ఆపేయండి. కదలకుండా, మనసులో పది లెక్కపెట్టండి. పాప ఒళ్లు కదిలిస్తుంది, మీ కొంగు లాగుతుంది, లేదా మోకాలిని తడుతుంది. వెంటనే మళ్లీ ఊపండి. మీ ఇద్దరి మధ్య మొదటి సంభాషణ అదే. మనం ఆగలేకపోవడం వల్లే చాలామంది పిల్లలకు అడిగే అవసరమే రాదు.

పాప పడుకుని ఆడుకోవడానికి పల్చని ప్లైవుడ్ చెక్క ఒకటి తెచ్చి, కింద అంచుల చుట్టూ సన్నని బద్దలు కొట్టించండి, నేలకు కాస్త ఎత్తులో ఉండేలా. దాని మీద కాలు తన్నినా, గిన్నె పడేసినా అదురు ఒళ్లంతా తెలుస్తుంది. తాను చేసిన పనికి లోకం బదులు పలుకుతోందని తెలిస్తే, చేతులు ఊపుకుంటూ కూర్చునే టైమ్ దానంతట అదే తగ్గుతుంది. డెన్మార్క్‌కు చెందిన లిల్లీ నీల్సన్ అనే టీచర్ ఈ చెక్కను ప్రచారంలోకి తెచ్చారు. మీ ఊరి వడ్రంగి ఒక పూటలో చేసిస్తాడు.

కళ్లు నొక్కుకోవడం గురించి. కంటిని గట్టిగా నొక్కితే లోపల మెరుపుల్లాంటివి కనిపిస్తాయి. చూపు తక్కువైన పిల్లలకు ఆ వెలుగు కావాలనిపిస్తుంది. చేతి మీద కొట్టకండి, కానీ వదిలేయకండి కూడా, ఏళ్ల తరబడి నొక్కితే కంటికి దెబ్బ. ఆ చేతుల్లోకి వెంటనే ఏదైనా పని ఇవ్వండి. అద్దాలు అలవాటైతే అవే కొంత అడ్డు పడతాయి. శుక్లం తీసేసిన పసిపిల్లలకు కంటిలో లెన్స్ ఉండదు. కాబట్టి ఆ మందపాటి అద్దాలే లెన్స్. అవి లేకుండా ఉన్న కొద్దిపాటి చూపు కూడా మసకే. లైటు కేసి చూస్తోందంటే వెలుగు తెలుస్తోందన్నమాట. ఆ చూపును వాడించాలి. వెనక ఎలాస్టిక్ పట్టీ పెట్టించండి. రోజంతా పెట్టాలని పట్టుబట్టకుండా, చూడదగ్గది ఏదైనా ముందున్నప్పుడు పెట్టండి: టార్చ్ వెలుగులో మెరిసే రంగు కాగితం, పసుపు రంగు బంతి. తెల్లన్నం స్టీలు పళ్లెంలో వద్దు. ముదురు నీలమో ఎరుపో రంగు పళ్లెంలో పెడితే అన్నం కనిపించే అవకాశం ఎక్కువ.

పుట్టు శుక్లం ఆపరేషన్ అయిన పిల్లలకు తర్వాత ఏళ్లలో కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు, గ్లకోమా, రావచ్చు. అది బయటికి తెలియకుండా మిగిలిన చూపును తినేస్తుంది. అందుకని డాక్టర్ చెప్పిన గడువుకు తప్పకుండా వెళ్లండి. మీకు దగ్గరలో విజయవాడ తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. చూపు ఎంత ఉందో చెప్పడంతో ఆగకుండా, ఉన్న చూపును ఎలా వాడుకోవాలో నేర్పే విభాగం గురించి అడగండి. వాళ్ల రిహాబిలిటేషన్ సేవలు హైదరాబాద్ బంజారా హిల్స్‌లో చాలాకాలంగా నడుస్తున్నాయి.

చెవుల విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. పుట్టుకతో వినపడని పిల్లలకు కేంద్ర ప్రభుత్వ ఎడిప్ పథకం కింద ఉచితంగా చేసే కాక్లియర్ ఇంప్లాంట్‌కు, అంటే వినపడటానికి లోపలి చెవిలో పరికరం అమర్చే ఆపరేషన్‌కు, ఐదేళ్ల లోపు వయసు ఉండాలి. రాష్ట్ర ఆరోగ్య పథకంలోనూ వయసు పరిమితి ఉంటుంది. మీకు ఉన్నది ఏడాదిన్నర కూడా కాదు. చూపు కూడా తక్కువైన పిల్లకు ఏ కొద్ది శబ్దం తెలిసినా చాలా విలువ. స్కానింగ్‌లో చెవి నరం బాగుందా లేదా చూసి, ఆపరేషన్ పనికొస్తుందో లేదో ఈఎన్‌టీ డాక్టరే చెప్పాలి. ఒప్పుకునే ముందు ఒక సంగతి తెలుసుకోండి. ఆపరేషన్ అయిన మర్నాటి నుంచి వినపడి మాట్లాడదు. మిషన్ సరిచేయించుకోవడానికి, థెరపీకి ఏళ్లపాటు తిరగాలి. ఈలోపు వినికిడి మిషన్లను కూడా అద్దాల్లాగే కొద్దికొద్దిగా అలవాటు చేయండి. మిషన్‌కు తగిలించి చెవిలో పెట్టే అచ్చు వదులైతే కీచుమని మోగి చిరాకు పెడుతుంది. పిల్ల పెరిగేకొద్దీ అచ్చు మార్పించాలి.

మేనరికం మాట. మూడో నెలలో దద్దుర్లు, పుట్టుకతో శుక్లాలు, గుండె సమస్య, చెవుడు, ఈ నాలుగూ కలిసి వస్తే డాక్టర్లకు ముందు గుర్తొచ్చేది రుబెల్లా. గర్భం తొలి మూడు నెలల్లో అది సోకితే బిడ్డకు ఇలా జరుగుతుందని 1941లోనే ఆస్ట్రేలియా కంటి డాక్టర్ నార్మన్ గ్రెగ్ గుర్తించారు. మేనరికాల్లో కూడా చూపు, వినికిడి రెండూ దెబ్బతినే జబ్బు ఒకటి ఎక్కువగా వస్తుంది, అషర్ సిండ్రోమ్ అంటారు. కానీ దాని తీరు వేరు. పుట్టుకతో వినికిడి తక్కువగా ఉండి, చూపు మాత్రం పెరిగేకొద్దీ, ముందు రాత్రిపూట, తగ్గుతూ వస్తుంది. మీ పాప కథ అలా లేదు. మనసులో అనుమానం ఉంటే హైదరాబాద్ నిమ్స్‌లో జన్యు విభాగంలో చూపించుకోండి. రుబెల్లా అయితే, ఒకసారి వచ్చి తగ్గినవాళ్లకు సాధారణంగా మళ్లీ రాదు, కాబట్టి తర్వాతి బిడ్డకు ఇలా అవుతుందన్న భయం చాలావరకు అక్కర్లేదు. ఇది మీ తప్పు కాదు. మీ వారి తప్పూ కాదు, మీ పెద్దవాళ్లు చేసిన పెళ్లి తప్పూ కాదు. మన రాష్ట్రాల్లో మీజిల్స్, రుబెల్లా టీకా ప్రచారం మొదలైందే 2017 ఆగస్టులో, 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలకు. అప్పటికి మీ వయసు దాటిపోయింది. ఊళ్లో అనేవాళ్లకు ఈ మాట చెప్పండి. పెళ్లీడు ఆడపిల్లలు ఇంట్లో ఉంటే, కడుపు రాకముందే ఆ టీకా గురించి డాక్టర్‌ను అడగమనండి. గర్భంతో ఉన్నప్పుడు అది వేయరు.

రుబెల్లాతో పుట్టిన పిల్లల్లో కొందరికి పెద్దయ్యాక షుగర్, థైరాయిడ్ రావచ్చు. పాప డాక్టర్‌కు ఇది గుర్తుచేస్తూ ఉండండి.

ఇక కాగితాలు. పింఛన్ వస్తోంది కదా అని ఆ సర్టిఫికెట్‌ను అలాగే వదిలేయకండి. అందులో చూపు ఒక్కటే ఉంటే ప్రభుత్వం దృష్టిలో మీ పాపకు వినికిడి బాగానే ఉన్నట్టు. సచివాలయంలోనో మీసేవలోనో మళ్లీ సదరం స్లాట్ తీసుకుని, కంటి రిపోర్టు, చెవి పరీక్ష రిపోర్టు రెండూ పట్టుకెళ్లి, బహుళ వైకల్యం కింద నమోదు చేయమని అడగండి. శాతాలను మామూలుగా కూడరు. పెద్ద శాతాన్ని అలాగే ఉంచి, దానికీ 90కీ మధ్య మిగిలిన దానిలోంచి చిన్నదానికి తగ్గ వాటా కలుపుతారు. చూపు 75, వినికిడి 60 అయితే 85 వస్తుంది. చిన్నపిల్లలకు తాత్కాలిక సర్టిఫికెట్ ఇవ్వడం మామూలే, కంగారు పడకండి.

ఇంత ఎందుకు చెబుతున్నానంటే, కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చుతో సహా. ముందు వైద్య పరీక్షలు అడగరు. కానీ అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు, ఈ నాలుగింటికే. చూపు లోపం ఒక్కటే ఉన్న సర్టిఫికెట్‌తో దరఖాస్తు నిలవదు. కేంద్రం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు, యూడీఐడీలో కూడా అదే సరిచేయించండి.

మనుషుల సహాయం ఎక్కడ దొరుకుతుందో చెబుతాను. మీ మండలంలో ప్రభుత్వ విద్యా పథకం సమగ్ర శిక్ష కింద, వైకల్యాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ఉంటుంది. అక్కడ ఈ పిల్లలకు చెప్పే ప్రత్యేక టీచర్‌ను, ఐఈఆర్‌పీ అంటారు, వెళ్లి కలవండి. బడికి రాలేని పిల్లల ఇళ్లకు వాళ్లు వచ్చి నేర్పే ఏర్పాటు ఉంది. ఆ టీచర్‌కు డెఫ్‌బ్లైండ్ పిల్లల అనుభవం లేకపోవచ్చు. అయినా వదులుకోకండి, పైన రాసిన సంగతులన్నీ చూపించి ఇద్దరూ కలిసి మొదలుపెట్టండి. ఊళ్లో మీకు తోడుగా నిలబడే మనిషి దొరకడం పెద్ద సంగతి. జిల్లా స్థాయిలో బాలల వైద్య పరీక్షల కార్యక్రమం కింద డైక్ అనే సత్వర చికిత్స కేంద్రాలు ఉన్నాయి. ఫిజియో, స్పీచ్, కంటి పరీక్షలకు అక్కడికి పంపమని అంగన్‌వాడీ టీచర్‌ను గానీ పీహెచ్‌సీ డాక్టర్‌ను గానీ అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 2021 జూన్‌లో అన్ని రకాల వైకల్యాల పసిపిల్లలకూ ఒకేచోట చూసే కేంద్రం తెరిచారు. వినికిడి జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఆ ప్రాంగణం దగ్గరే. ఒకే ప్రయాణంలో రెండూ చూసుకోవచ్చు.

అయితే ఒక్కచోటికే వెళ్లగలిగితే మాత్రం చెన్నై దగ్గర ముట్టుకాడులోని నీప్‌ఎండీకి వెళ్లమంటాను. 2005లో బహుళ వైకల్యాల కోసమే పెట్టిన జాతీయ సంస్థ. డెఫ్‌బ్లైండ్ పిల్లలకు నేర్పే టీచర్లను కూడా వాళ్లు తయారు చేస్తారు. పాపకు చూపు, వినికిడి, స్పర్శ ఏది ఎంత పనిచేస్తుందో ఆడిస్తూ చూసి, ఇంట్లో ఏం చేయాలో రాసిస్తారు. ముందు ఫోన్ చేసి తేదీ తీసుకోండి. మీ వారిని తప్పకుండా వెంట తీసుకెళ్లండి.

అహ్మదాబాద్‌లో 1997లో మొదలైన సెన్స్ ఇండియా దేశమంతటా స్థానిక సంస్థలతో కలిసి ఈ పిల్లల కోసమే పనిచేస్తోంది. ఆంధ్రలో ఎవరు ఉన్నారో వాళ్లను అడిగితే చెబుతారు. ప్రయాస్ పేరుతో తల్లిదండ్రుల బృందం, ఉడాన్ పేరుతో పెద్దవాళ్లైన డెఫ్‌బ్లైండ్ వ్యక్తుల బృందం వాళ్ల అండతో నడుస్తున్నాయి. డాక్టర్లు, టీచర్ల కంటే ముందు నేను మిమ్మల్ని ఇంకో తల్లితో మాట్లాడించాలనుకుంటాను. రాత్రి నిద్రపోని పిల్లతో తెల్లవారిన మనిషికి తప్ప కొన్ని సంగతులు ఎవరికీ అర్థం కావు.

మీ వారి హాస్టల్ ఆలోచన. ఆయన మనసు నాకు అర్థమవుతోంది. మీరు నలిగిపోతున్నారని చూడలేక అంటూ ఉండవచ్చు. అయినా నా జవాబు వద్దనే. మూడున్నరేళ్లకు పాపకు తెలిసిన లోకమంతా మీరొక్కరే. మాట ఇంకా రాలేదు. అమ్మ మళ్లీ వస్తుందని చెప్పే దారి కూడా లేదు. పన్నెండేళ్లకో ఇంకాస్త తర్వాతో, తనకు చెప్పగలిగిన రోజున, ముంబైలో 1977 నుంచి ఇలాంటి పిల్లల కోసం నడుస్తున్న హెలెన్ కెల్లర్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్ల గురించి ఆలోచించవచ్చు. ఆరేళ్లు నిండితే దగ్గరి బడిలోనో, మీరు ఎంచుకున్న ప్రత్యేక బడిలోనో 18 ఏళ్ల వరకు ఉచితంగా చదివించే హక్కు చట్టంలో ఉంది. అప్పుడు ఎవరైనా మాకు రాదు అంటే కాగితం మీద రాసివ్వమనండి.

హాస్టల్‌కు బదులు మీ వారికి ఒక పని అప్పగించండి. సాయంత్రం స్నానం ఆయనది. వాచీ, తువ్వాలు, అంతా ఆయనే. మొదటి రెండు వారాలు పాప ఏడుస్తుంది, మీరు పరుగెత్తుకెళ్లకుండా ఉండాలి. అది మీకు కష్టం, తెలుసు. మీ అత్తగారికి అన్నం తినిపించడం ఇవ్వండి. పాప రానివ్వదనే కదా ఎవరూ దగ్గరికి రావడం లేదు, దగ్గరికి రాకపోతే పాపకు వాళ్లెవరో ఎప్పటికీ తెలియదు.

పాప పెద్దయ్యాక ఏమవుతుందని అడగలేదు గానీ, ఉత్తరం నిండా ఆ ప్రశ్నే ఉంది. ఈ మాట ఎత్తగానే అందరూ, చూపు, వినికిడి లేకపోయినా చదువుకుని రచయిత్రి అయిన అమెరికా మహిళ హెలెన్ కెల్లర్ పేరు చెబుతారు. ఆమెకు 19 నెలల వయసు దాకా చూపు, వినికిడి రెండూ ఉండేవి. పుట్టుకతోనే రెండూ తక్కువైన పిల్ల దారి వేరు, ఆ పోలికతో మిమ్మల్ని మీరు కొలుచుకోకండి. నాకు గుర్తొచ్చేది జపాన్‌లో సతోషి ఫుకుషిమా తల్లి. తొమ్మిదేళ్లకు చూపు, 18 ఏళ్లకు వినికిడి పోయిన కొడుకుతో మాట్లాడటానికి 1981లో ఆమె అతని వేళ్ల మీద బ్రెయిలీ అక్షరాలను మీటుతూ చెప్పడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆ పద్ధతి లేదు. అవసరం పడి ఒక అమ్మ కనిపెట్టింది. ఆయన తర్వాత టోక్యో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు. మీ పాప ప్రొఫెసర్ అవుతుందని నేను చెప్పను. తన అన్నం తాను తిని, తనకేం కావాలో అడిగి, నచ్చనిది వద్దని చెప్పి, ఇంట్లో నలుగురితో మాట కలిపే మనిషి అవుతుందని చెబుతాను. బ్రెయిలీ వస్తుందా, పెద్ద అక్షరాలు చదవగలదా అన్నది మిగిలిన చూపు, వినికిడి ఎంత పనిచేస్తాయో తేలాక చూద్దాం.

బాబు గురించి ఒక్క వాక్యమే రాశారు. వాడిని పాపకు కాపలా పెట్టకండి. కానీ ఆటలో చేర్చండి, పిల్లలు మనకంటే తొందరగా దారులు కనిపెడతారు. రోజుకు ఒక అరగంట మీరు వాడికి మాత్రమే అమ్మగా ఉండాలి. ఆ అరగంట కోసమైనా మీ వారి చేతికి, అత్తగారి చేతికి పాప అలవాటవ్వాలి.

ఈ వారం చేయాల్సినవి రెండే: చెవి డాక్టర్ దగ్గరికి వెళ్లడం, స్నానానికి ముందు తువ్వాలు చేతికివ్వడం. సదరం స్లాట్ వచ్చే వారం చూసుకోండి. మీకు నిద్ర పట్టకపోవడం ఇంకా కొన్నాళ్లు ఇలాగే ఉంటే పీహెచ్‌సీలో డాక్టర్‌కు ఆ సంగతీ చెప్పండి, దాచుకోకండి. నీప్‌ఎండీ వాళ్లు ఏమన్నారో, పాప మొదట ఏ వస్తువును గుర్తుపట్టిందో నాకు తప్పకుండా రాయండి.